కొండ దిగి వచ్చిన కంటికి ఏ యంత్రము?

అరకులోయలో సంత జరుగు దినమున, తెల్లవారక మునుపే కొండమీది గూడెము నుండి బయలుదేరి, పసుపుకొమ్ముల మూటనో పిప్పళ్ళ మూటనో నెత్తిన పెట్టుకొని, మంచులో తడిసిన కాలిబాట వెంట రెండు మూడు గంటలు నడిచి వచ్చిన ఒక వృద్ధురాలు, తెచ్చిన సరకును అమ్ముకొని, ఉప్పును ఎండుచేపలను కొనుక్కొని, మిగిలిన పూటలో మందగించిన తన చూపును పరీక్ష చేయించుకొనుటకై కంటి ఆసుపత్రి గడప త్రొక్కినదనుకొందము. కంటి లోపలి భాగమును వైద్యుడు చూడవలెనన్నచో కనుపాప విప్పారవలెను. అందుకు చుక్కలమందు వేయుట ఎల్లచోట్ల ఉన్న పద్ధతి. ఆ చుక్కలు పడిన పిమ్మట నాలుగైదు గంటలపాటు చూపు మసకబారును, ఎండ సూదులవలె కన్నులలో గుచ్చుకొనును. నగరములోనైనచో కొడుకో కూతురో ఆటోలో ఎక్కించుకొని ఇంటికి చేర్చుదురు. ఇక్కడ ఆమె అదే మసక కన్నులతో, రాళ్ళు తేలిన బాటను ఎక్కి, గెడ్డమీద అడ్డముగా పడవేసిన దుంగను దాటి, చీకటి పడకముందే గూడెము చేరవలసియున్నది. చిన్న కంటి ఆసుపత్రికి ఏ యంత్రము కొనవలెనను ప్రశ్న నా దృష్టిలో ఈ చుక్కమందు దగ్గరనే ఆరంభమగుచున్నది గాని, కంపెనీలవారు పంచిపెట్టు రంగుకాగితముల దగ్గర కాదు.

2022 ఏప్రిల్ 4వ తేదీన పాడేరు ముఖ్యపట్టణముగా, అరకులోయను కలుపుకొని, అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి, కలెక్టరు కార్యాలయము కొండమీదికి వచ్చినది. వైద్యము కూడ కొండమీదికి రావలెనని, ప్రతి కంటిజబ్బునకును అరకునుండి సుమారు 115 కిలోమీటర్ల దూరము ఘాట్‌రోడ్డు దిగి విశాఖపట్టణము పోవలసిన అవస్థ తీరవలెనని కోరుట న్యాయము. ఆ కోరికను తీర్చుటకు పూనుకొన్నవారు దాతలైనను, ధర్మసంస్థలైనను, గిరిజనాభివృద్ధి సంస్థయగు ఐటీడీఏ అధికారులైనను, యంత్రము కొనవలసిన దినము వచ్చునప్పటికి ఒక పొరపాటునకు లోనగు అవకాశము మెండుగా కలదు. చూచుటకు గొప్పగా ఉండునది, ప్రారంభోత్సవమునాడు పదిమందికి చూపదగినది, నగరములోని పెద్ద ఆసుపత్రిలో ఉన్నది మన లోయకు కూడ వచ్చినదను అభిమానమును తృప్తిపరచునది ఏదో, దానివైపే మనస్సు మొగ్గును. నా అభిప్రాయమును దాపరికము లేక ముందే చెప్పుచున్నాను. అరకులోయవంటి చోట పెట్టు చిన్న కంటి ఆసుపత్రికి లక్షలకు లక్షలు పోసి కొను, కంటి వెనుకనున్న రెటీనా పొరలను కొలుచు ఓసీటీ యంత్రము ఇప్పుడు వలదు. చేతబట్టుకొని గూడెమునకు మోసికొనిపోదగినదియు, చుక్కలు వేయకయే బొమ్మ తీయగలదియు, కరెంటు పోయినను సిగ్నలు లేకున్నను పనిచేయగలదియు అగు, కంటి అడుగుభాగమును చిత్రించు ఫండస్ కెమెరా ఒకటి కొని, దానికి తోడుగా వైద్యుడు తలకు తగిలించుకొను ఇండైరెక్టు ఆప్తాల్మోస్కోపు ఒకటి సమకూర్చుకొని, మిగిలిన ధనమును మనుషులమీదను బండిమీదను వెచ్చింపవలెను.

ఓసీటీని తక్కువచేసి మాట్లాడుట నా ఉద్దేశము కాదు. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఆప్తాల్మోస్కోపును లోకమునకు తెలియజేయక పూర్వము, బ్రదికియున్న మనిషి కంటిలోని రెటీనాను స్ఫుటముగా చూడగలిగిన వైద్యుడు లేడనియే చెప్పవచ్చును. 1926లో జైస్ కంపెనీ ఫండస్ కెమెరాను విపణికి తెచ్చినది. 1991లో అమెరికాలోని ఎంఐటీ శాస్త్రజ్ఞుల బృందము ప్రకటించిన ఓసీటీ పద్ధతి, కంటిని ముట్టకయే, కాంతి తిరిగివచ్చు తీరునుబట్టి రెటీనాలోని పొరలను మైక్రానుల లెక్కన కొలిచి చూపుచున్నది. మధుమేహమువలన రెటీనా నడిబొడ్డున నీరు చేరినదా లేదా, నీటికాసుల (గ్లాకోమా) జబ్బులో నాడీతంతువుల పొర ఎంత పలుచబడినది అను విషయములలో దానికి సాటి వచ్చునది లేదు. కాని రెటీనాలో నీరు చేరినదని తెలిసిన పిమ్మట జరుగవలసిన చికిత్స, నెలనెలకును కంటిలోనికి వేయు ఇంజెక్షను. అది శుద్ధమైన ఆపరేషను గదియు, రెటీనా వైద్యుడును ఉన్నచోటనే సాధ్యము. ఆ వైద్యుడున్న విశాఖపట్టణములో ఓసీటీ యంత్రమును ఉన్నది. రోగము పేరు కొండమీద చెప్పి మందు సముద్రపుటొడ్డున ఇచ్చుటకు, రెండుచోట్ల రెండు ఓసీటీలు ఏల? కొండమీద చేయవలసిన పని వేరు. ఎవరు కొండ దిగవలెనో, ఎవరు దిగనక్కరలేదో తప్పులేకుండ విడదీయుటయే ఆ పని.

ఆ విడదీయు పనిలో సగమునకు పైగా బొమ్మతో నిమిత్తమే లేదు. 2015 నుండి 2019 వరకు దేశమంతట జరిగిన జాతీయ అంధత్వ సర్వేలో, ఏబదేండ్లు పైబడినవారి అంధత్వమునకు నూటికి 66.2 వంతులు చికిత్స జరుగని శుక్లమే కారణమని తేలినది. ముదిరిన శుక్లమును చూచుటకు టార్చిలైటు చాలును. నల్లగా నిగనిగలాడవలసిన కనుపాప మజ్జిగచుక్కవలె తెల్లగా కనబడును. కావున మొదటి రూపాయి కంటి ముందుభాగమును పెద్దదిగా చూపు స్లిట్ ల్యాంపునకు, అక్షరములు రానివారికి పనికివచ్చు గుర్తుల పటమునకు, అద్దముల పెట్టెకు, కంటిలోని ఒత్తిడిని కొలుచు పనిముట్టునకు పోవలెను. ఇవి లేకుండ కెమెరా కొనుట, కుండ లేని యింట వెండిగరిటె కొనినట్లగును.

అయినను ఫండస్ కెమెరా వలదని చెప్పవీలులేదు. నీటికాసులు నొప్పి లేకుండ, పక్కచూపును కొద్దికొద్దిగా కొరికివేయుచు, రోగికి తెలియకుండనే దృక్‌నాడిని హరించు వ్యాధి. 1996 నుండి 2000 వరకు ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య విజ్ఞాన సంస్థవారు పదివేలమందికి పైగా ప్రజలను పరీక్షించి జరిపిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనములో, ఆసుపత్రులు వీధివీధికి ఉన్న హైదరాబాదు నగరములోనే, ఈ వ్యాధి సోకినవారిలో అత్యధికులకు తమకు వ్యాధి ఉన్న సంగతియే తెలియదని బయటపడినది. నగరమున స్థితి అట్లున్నచో ముంచింగిపుట్టు, పెదబయలు కొండలలోని గూడెముల సంగతి వేరుగ చెప్పవలెనా? మధుమేహము, రక్తపుపోటు పట్టణవాసుల జబ్బులని అనుకొను కాలము కూడ గతించినది. ఈ వ్యాధులను కంటి అడుగున చూడవలసినదే తప్ప, టార్చి వెలుగు చెప్పలేదు.

ఆ చూచుట ఎట్లు జరుగునో దగ్గర నిలిచి చూచినవారికి, పైన చెప్పిన చుక్కలమందు మాట ఏల అంత ముఖ్యమో బోధపడును. చుక్కలు వేయకుండ బొమ్మ తీయు కెమెరాలకు సాధారణముగా మూడు నాలుగు మిల్లీమీటర్ల కనుపాప కావలెను. అందుకై గదిని చీకటి చేసి, రోగిని కొంతసేపు కూర్చుండబెట్టుదురు. పరదా వేసిన చీకటిగదిలో, తెలియని మనుషులమధ్య, గడ్డమును ప్లాస్టిక్ పీటమీద ఆనించి, నుదుటిని పట్టీకి తాకించి, ముక్కుకు మూడు పోగులు ధరించిన ఆ ముసలితల్లి ఊపిరి బిగబట్టి కూర్చుండును. ఆరోగ్య కార్యకర్త ప్రక్కన నిలిచి, ఆమె భాషలో, అమ్మా, ఆ పచ్చని చుక్కను చూడుము, రెప్ప వేయకుము, ఇదిగో అయిపోయినది అని చెప్పుచు, భుజముమీద చేయి వేసియుండును. మెరుపు మెరయును. ఇక్కడ ఒక చిక్కు కలదు. ఒక కంటికి మెరుపు తగిలినంతనే రెండవ కంటిపాప కూడ ముడుచుకొనును. అది ప్రకృతిధర్మము. కావున రెండవ కంటికి మరల కొన్ని నిమిషములు చీకటిలో వేచియుండవలెను. గంటకింతమందిని చూడగలదని అమ్మువారు చెప్పు లెక్కలలో ఈ నిరీక్షణ చేరియున్నదా అని అడిగి తెలిసికొనవలెను. అటుపిమ్మట కెమెరాకు అమర్చిన ఫోను తెరమీద ఆ బొమ్మ వెలయును. పొద్దుగుంకు వేళ ఎర్రబారిన పూర్ణచంద్రునివలె ఒక వలయము, దానిలో ఒక ప్రక్కగా పాలిపోయిన చిన్న బిళ్ళ, ఆ బిళ్ళనుండి నలుదిక్కులకు గెడ్డలవలె పాయలు పాయలుగా చీలిపోవు ఎర్రని నాళములు. తన కంటిలోపల ఇంత లోకమున్నదని తెరమీద చూచుకొన్న మనిషి, వైద్యుడు చెప్పు మాటను వినిపించుకొను తీరే మారిపోవును. ఆపరేషనుకు పంపుటకు వెనుకాడు కొడుకునకు వందమాటలు చెప్పుటకంటె ఈ బొమ్మ ఒక్కటి చూపుట మేలు.

ఇంతవరకు కెమెరాకు అనుకూలముగా చెప్పితిని. ఇప్పుడు కెమెరాలు కొనువారందరు చదువవలెనని నేను గట్టిగా కోరుకొను మాట ఒకటి కలదు. ముదుసలుల కనుపాప చిన్నది. వారి కంటిలో శుక్లము పొరలు కట్టియుండును. అట్టి కంటికి కెమెరా ఎంత మంచిదైనను బొమ్మ పొగమంచులో అరకుకొండలవలె మసకగా వచ్చును. అట్టి బొమ్మలకు, చదువుటకు వీలుకానివి అని పేరుపెట్టి, లెక్కలలోనుండి తొలగించుట చాలచోట్ల ఉన్న అలవాటు. తొలగింపబడునది ఎవరు? శుక్లము ముదిరినవారు, అనగా అందరికంటె ముందుగా చికిత్స కావలసినవారు. ఇంతమందిని పరీక్షించితిమి, ఇంతమందికి జబ్బు లేదు, ఇంతమంది బొమ్మలు సరిగా రాలేదు అని వ్రాసి పంపు నివేదికలో, ఆ మూడవ వరుసలోనే అసలు రోగులుందురు. మసకబొమ్మ యంత్రదోషము కాదు, అది రోగలక్షణమని గ్రహించి, ఆ మనిషిని అప్పుడే స్లిట్ ల్యాంపు దగ్గరికి పంపు నియమము లేనిచోట, కెమెరా మేలుకన్న కీడు ఎక్కువ చేయును. చుక్కలు వేయక తప్పనివారు అప్పటికిని కొందరుందురు. వారిని ఆ రాత్రికి ఆసుపత్రిలోనే పరుండబెట్టుటకు రెండు మంచములు, ఒక పూట గంజి ఉండవలెను. కెమెరా ఖరీదులో ఈ మంచములు చాల చిన్న భాగము.

ఇక ఈ కొండలకే ప్రత్యేకమైన మరియొక సంగతి. ఆదివాసీలలో సికిల్‌సెల్ రక్తదోషము వంశములవెంట వచ్చుచున్నది. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో ఆరంభమైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన ఉద్యమము, 17 రాష్ట్రములలో 7 కోట్లమందిని పరీక్షించుటను, 2047 నాటికి ఈ వ్యాధిని తుదముట్టించుటను లక్ష్యముగా పెట్టుకొన్నది. కొడవలివలె వంగిన రక్తకణములు సన్నని నాళములలో అడ్డుపడినప్పుడు, రెటీనా అంచులయందు ప్రాణవాయువు అందక, విసనకర్రల ఆకారమున క్రొత్త నాళములు మొలచి, అవి చిట్లి చూపును హరింపవచ్చును. ఈ అనర్థము జరుగునది అంచులలో. సామాన్యమైన ఫండస్ కెమెరా ఒక్క బొమ్మలో చూపునది నడుమనున్న 45 డిగ్రీల మేర మాత్రమే. ఆ బొమ్మను చూచి, రెటీనా బాగున్నదని సికిల్‌సెల్ ఉన్న పిల్లవానికి చీటీ వ్రాసి యిచ్చుట ప్రమాదకరము. 200 డిగ్రీల మేర చూపు కెమెరాలు లోకమున ఉన్నవి గాని వాటి వెల చిన్న ఆసుపత్రికి అందునది కాదు. ఇండైరెక్టు ఆప్తాల్మోస్కోపును తలకు తగిలించుకొని, చేత ఒక కటకమును పట్టుకొని, రోగిని పరుండబెట్టి, పైకి క్రిందికి ప్రక్కలకు చూడుమని చెప్పుచు నేర్పరియైన వైద్యుడు పరీక్షించినచో, రెటీనా అంచులదాక కనబడును. అందువలననే దానిని కెమెరాకు తోడుగా అడుగుచున్నాను. నెలకొకసారియైనను వైద్యుడు కొండ ఎక్కివచ్చు ఏర్పాటుండవలెను. ఆనాడు చూడవలసిన పిల్లల జాబితా రక్తపరీక్షలనుండి సిద్ధముగా ఉండవలెను.

కొండగాలికి యంత్రములు ఎట్లు తట్టుకొనునో కంపెనీల కాగితములలో ఎవరును వ్రాయరు. అరకు సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైన ఉన్నది. వానకాలమున నెలల తరబడి తడి ఆరదు. ఆ తడికి కటకముల లోపల బూజు పట్టును, బూజు ఒకసారి గాజుపూతను తిన్న పిమ్మట తుడిచినను పోదు. తేమను పీల్చు సిలికా జెల్ పొట్లములు వేసిన మూతబిగువు పెట్టెలో కెమెరాను ప్రతిరాత్రి పెట్టవలెను. శీతకాలపు ఉదయమున చల్లనిగదినుండి తెచ్చిన కటకముమీద రోగి ఊపిరి తగిలి ఆవిరి కమ్మును. పిడుగులకు, ఓల్టేజి ఎగుడుదిగుళ్ళకు పెద్దయంత్రముల బోర్డులు మాడిపోవును. మాడిన బోర్డు మార్చు ఇంజనీరు విశాఖనుండియో హైదరాబాదునుండియో రావలెను. ఘాట్‌రోడ్డున కొండచరియ విరిగిపడిన వారమున అతడును రాడు. బెంగళూరులో రెమిడియో, ఫోరస్ వంటి మన దేశపు సంస్థలు తేలికయైన కెమెరాలు తయారుచేయుచున్నవి. ఎవరి సరకైనను సరే, బాగుచేయు సమయములో బదులుగా మరియొక కెమెరా ఇచ్చెదమను షరతు కొనుగోలు కాగితములో అక్షరములలో ఉండవలెను. నెట్టులేని గూడెములకు, బొమ్మను దూరపు సర్వరునకు పంపి జవాబుకై వేచియుండు సాఫ్ట్‌వేరు పనికిరాదు. ఫోనులోనే, నెట్టు అక్కరలేకుండ, మధుమేహపు రెటీనాను గుర్తించు కృత్రిమమేధ పనితీరును ముంబయి పురపాలక వైద్యశాలలలో పరీక్షించిన అధ్యయనము 2019లో ప్రకటితమై సత్ఫలితము చూపినది. అది ఆశాజనకము. కాని అది నేర్చినది ఒక్క మధుమేహపు పాఠము. నీటికాసులను గాని, సికిల్‌సెల్‌ను గాని అది చూచి చెప్పునని భ్రమపడరాదు.

గిరిజనులకైతే చిన్న యంత్రము, నగరవాసులకైతే పెద్ద యంత్రమా అని ఎవరైన అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. కొండలవారికి మిగులు తగులు వస్తువులను పంపి సేవ చేసితిమని చెప్పుకొనిన చరిత్ర మనకున్నది గనుక, ఈ ప్రశ్నను నేను తేలికగా తీసికొనజాలను. రోగులను డోలీలో మోసికొనివచ్చు గూడెములు ఈనాటికిని ఉన్నవి. అట్టివారికి ఓసీటీ కూడ అందవలసినదే. అందించుటకు మార్గము దానిని లోయలో తెచ్చి పెట్టుట కాదు, విశాఖలో దానిముందు వారికి చోటు ఏర్పరచుట. వారములో ఒక దినము అరకునుండి బండి బయలుదేరవలెను. ఆ బండిలో వచ్చినవారికి వరుసలో నిలువనవసరము లేకుండ ఓసీటీయు, అవసరమైనచో అదే దినమున ఇంజెక్షనో లేజరో జరుగవలెను. తోడువచ్చినవారికి అన్నము, తిరుగుప్రయాణము ఉండవలెను. ఓసీటీ ఖరీదును, ఏటేటా దాని నిర్వహణపు ఒప్పందమునకు కట్టు సొమ్మును ఈ బండికి మళ్ళించినచో ఎన్ని యేండ్లు నడుచునో దాతలు కాగితము తీసికొని లెక్కవేయవలెనని ప్రార్థించుచున్నాను. వాడువారు లేక గుడ్డకప్పిన యంత్రమొకటి మూల నున్నంత మాత్రమున ఆదివాసీకి గౌరవము జరిగినట్లు కాదు.

మన తెలుగునేలపైననే ఈ త్రోవ చూపినవారున్నారు. 1996లో ఆదిలాబాదు జిల్లా ముధోల్‌లో తన మొదటి గ్రామీణ కేంద్రమును తెరచిన ఎల్.వి.ప్రసాద్ సంస్థ, క్రమముగా సుమారు 50,000 జనాభాకు ఒక దృష్టికేంద్రము చొప్పున నెలకొల్పుచు, ఆయా ప్రాంతముల యువతీయువకులనే ఎన్నుకొని, ఒక సంవత్సరము శిక్షణ ఇచ్చి, వారిచేతనే ఆ కేంద్రములను నడిపించుచున్నది. డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు రూపొందించిన ఆ విధానములో నాకు మిక్కిలి నచ్చినది, క్రిందిమెట్టున యంత్రముకన్న మనిషికి ఎక్కువ విలువనిచ్చుట. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 115 సామాజిక ఆరోగ్యకేంద్రములలో ముఖ్యమంత్రి ఈ-ఐ కేంద్రములను పెట్టి, కంటి బొమ్మలను దూరముననున్న వైద్యులచేత చదివింపజూచినది. కర్ణాటకలో 2008లో ఆరంభమైన కిడ్‌రాప్ కార్యక్రమములో, నెలలు నిండక పుట్టిన శిశువులను కంటిపరీక్షకై నగరమునకు రప్పించుటకు మారుగా, శిక్షణ పొందిన సాంకేతికులు కెమెరాను బండిలో వేసికొని పల్లె ఆసుపత్రులకు పోవుచున్నారు. వీటన్నిటిలోను బొమ్మ తీయుట సులభమైన భాగము. ఆ బొమ్మను ఎవరు చదువుదురు, ఎన్ని దినములలో చదువుదురు, చదివినది గూడెమునకు ఎవరు మోసికొనిపోయి ఏ భాషలో చెప్పుదురు అనునవే కష్టమైనవి. ఆదివాసీ ఒడియా, కువి మాటలాడు ఇండ్లలో పుట్టి, చదువుకొన్న బాలికలు ఈ లోయలో ఉన్నారు. కెమెరా పట్టవలసిన చేతులు వారివి. యంత్రము కొనకమునుపే వారికి ఉద్యోగపు కాగితములు ఇవ్వవలెను.

కొనువారికి ఒక్క మనవి. కంపెనీ ప్రతినిధిని విశాఖలోని హోటలులో కలువవలదు. ఆషాఢమాసములో, వాన పడుచుండగా, సంతనాడు అరకుకు రమ్మనుడు. గదిలో మెయిన్ స్విచ్చి ఆర్పివేసి, ఫోనులో నెట్టు తీసివేసి, చుక్కలు వేయకుండ, సంతకు వచ్చినవారిలో అరువదేండ్లు దాటినవారు ముప్పదిమందిని వరుసగా కూర్చుండబెట్టి, కంపెనీవారి మనిషిచేత కాక మీ ఆసుపత్రి బాలికచేతనే బొమ్మలు తీయించుడు. అరువది కన్నులలో ఎన్నిటి బొమ్మలు చదువుటకు వీలైనవో లెక్కించుడు. వీలుకాని బొమ్మలవారి పేర్లను, ఊర్లను అదే పూట స్లిట్ ల్యాంపు దగ్గర సరిచూచి శుక్లపు ఆపరేషను జాబితాలో వ్రాసికొనుడు. ఆ జాబితా బండిచోదకుని చేతికి చేరిన పిదప, కెమెరా సంగతి మాట్లాడవచ్చును.